కొత్తన్నానికి పిలుపు

2005 అక్టోబర్ 6

ఎండ కాస్తోంది. ఇక వాన వెనక్కి పోయినట్టే అన్నాడు తోట పనికి వచ్చే మల్లేశు. వాడు అన్నాడంటే ఇంకో నాలుగు జల్లులు ఉన్నట్టే లెక్క.

వాన తగ్గితే తోట పనంతా ఒక్కసారి మీద పడుతుంది. కొబ్బరి పాదుల్లో గడ్డి తియ్యాలి. పోకచెట్ల మధ్య కాలువల్లో పూడిక ఎత్తాలి. మడి గట్లకు పీతలు బొక్కలు పెట్టేశాయి, మట్టి కొట్టాలి. కళ్ళం చెక్కి పేడతో అలకాలి. కొడవళ్ళు మాయాబందర్ పంపి కక్కు కొట్టించాలి. ఇవన్నీ ఆయన పనులు. ఆయన వచ్చేదాకా ఆగుదామంటే గడ్డి ఆగదు. అందుకని గడ్డి వరకు నేను మొదలుపెట్టాను. మిగతావి ఆయన వచ్చాక చూసుకుంటారు.

మాట్లాడే మనిషి లేక రాసుకుంటున్నాను. అత్త ఉంది. కానీ అత్తతో ఏం మాట్లాడినా మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది.

అక్టోబర్ 9

ఇవాళా అక్కడికే వచ్చింది.

పైరు పొట్ట మీద ఉందని చెప్పాను, అంతే. అత్త ముఖం వెలిగింది. "అయితే ఈ ఏడు కొత్తన్నం వండుతావు," అంది. నేను పళ్ళెం తీసుకుని లేచిపోయాను.

ఈ ఇంట్లో కొత్త బియ్యం ముందు పోయినవాళ్ళు తినాలి, తరవాతే మనం. ఆకుల కొసలు దక్షిణానికి పెట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, వడ్డించాలి. ఒక్కరిని వదిలేసినా మిగతావాళ్ళు ముట్టరట. పోయాక మొదటిసారి మాత్రం ఎవరు పడితే వాళ్ళు పిలవకూడదు, బతికుండగా వండి పెట్టిన మనిషే పిలవాలి. మామయ్య పోయిన ఏడు అత్తే పిలిచింది. అంతవరకు ఆవిడ నోట మామయ్య పేరు నేను వినలేదు. సుబ్బరామయ్యా అని ఒక్కసారి పిలిచి, మూల కూర్చుండిపోయింది.

అంటే కొత్తన్నం వండితే ఆయన పేరు నేను చెప్పాలి. ఆకు కొస దక్షిణానికి పెట్టి చెప్పాలి.

నేను వండను. రేషన్ బియ్యానికి ఏం రోగం వచ్చింది? ఏడాదిగా తింటూనే ఉన్నాం.

అక్టోబర్ 12

దసరా. కొడవళ్ళకీ గునపానికీ బొట్టు పెట్టాను. ఆయన కత్తికి కూడా. చిలుము పట్టలేదు, నూనె రాస్తూనే ఉన్నాను కదా.

అక్టోబర్ 18

పడవకి తారు పూశాను.

ఏటా వానలు వెనక్కి పోగానే ఆయన చేసే మొదటి పని అది. తోట చివర క్రీక్ ఒడ్డున బోర్లించి, పాత తారు గీకి, పగుళ్ళలో పీచు కూరి, వేడి తారు పూస్తారు. గీకుడు నాకు చేతకాదనుకున్నాను, చేతనైంది. మోచేతుల దాకా మసి.

మల్లేశు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి, "దీదీ, పానీ ఏదీ?" అన్నాడు.

వాడు అడిగాక నేనూ చూశాను. కిందటేడు నేల ఊగిన ఆ ఆదివారం తరవాత మా వైపు నేల పైకి లేచిందని అందరూ అంటారు. క్రీక్‌లో బురద ఎండి నెర్రెలిచ్చింది. పోటుకి కూడా నీళ్ళు పడవ దాకా రావడం లేదు. మడచెట్లు సగం ఎండిపోయాయి. పడవ ఉన్నచోట గడ్డి మొలుస్తోంది.

నీళ్ళు లేకపోతే మాత్రం, తారు పుయ్యకపోతే చెక్క పుచ్చిపోదా?

అక్టోబర్ 25

పోక గెలలు దింపడం మొదలుపెట్టాం. మల్లేశు ఒక చెట్టెక్కి, దిగకుండా పక్క చెట్టుకి ఊగి అందుకుంటాడు. కింద నిలబడి చూసేదాన్ని నేను కాబట్టి గుండె నాదే ఆగుతుంది. పెరటంతా పరదా పరిచి కాయలు ఎండబోశాను. వాన చినుకు పడితే పరుగెత్తి కప్పాలి, ఎండ రాగానే తియ్యాలి. చంటిపిల్లల చాకిరీ.

డిగ్లీపూర్‌లో కాయ ఇంతకంటే లావట, అక్కడ తోట కొనుక్కుంటాడట మల్లేశు. "దూరపు..." అని మొదలుపెట్టి ఆగాను. "కొండలు నునుపు," అని వాడే పూర్తి చేసి నవ్వాడు. ఆ సామెతలో ఆ మాట నేను అననని వాడికి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన పేరులో సగం అది. (ఇక్కడ వాడన్నది రాశాను. నేను అనలేదు.)

పై మడి పైరు ఈనింది. ఊళ్ళో వాళ్ళు దాన్నీ ఆ మాటతోనే పిలుస్తారు, పిలవనీ, నాకది పై మడే.

నవంబర్ 1

దీపావళి. అత్త గుమ్మంలో రెండు దీపాలు పెట్టింది. నేను పడవ దగ్గర ఒకటి పెట్టి వచ్చాను.

నవంబర్ 8

గోల్ ఘర్ నుంచి మా ఆడపడుచు బుల్లమ్మ ఫోన్ చేసింది. మా అమ్మాయి చిన్ని తన ఇంట్లోనే ఉండి కాలేజీకి పోతోంది. చిన్ని బాగుందట, ఆ మాట చిన్ని చేత చెప్పించకుండా తనే చెప్పింది. తరవాత, "వదినా, కొత్తన్నానికి నేనొస్తాను. చిన్నిని తెస్తాను," అంది. అత్తే చెప్పి ఉంటుంది. నేను మడిలో ఉన్నప్పుడు ఫోన్ మీద ఆవిడదే రాజ్యం.

బుల్లమ్మ మీద నాకు కోపం ఉండదు, ఉండాలనుకున్నా ఉండదు. పెళ్ళయి నేను ఈ గుమ్మంలోకి వచ్చిననాడు తను అడ్డంగా చేతులు చాపి నిలబడింది. అన్నయ్య పేరు చెబితేనే లోపలికి రానిస్తానంది. ఆయన నా పేరు టక్కున చెప్పేశారు, కమలాకుమారి అని, స్కూల్లో హాజరు పిలిచినట్టు. నేను చెప్పలేదు. శ్రీకాకుళం నుంచి ఈ దీవికి ఓడ మీద కక్కుకుంటూ వచ్చిన మనిషిని, అయినా చెప్పలేదు. వాన మొదలైంది, అందరూ తడిశారు, నేను చెప్పలేదు. చివరికి అత్తే కూతురి చెయ్యి లాగేసి నన్ను లోపలికి తీసుకుంది.

ఆయన ఆ మాట ఎప్పటికీ మరిచిపోలేదు. కల్లు తాగినా, కోపమొచ్చినా, ముద్దొచ్చినా ఒకటే మాట: "ఎప్పటికైనా నీచేత చెప్పిస్తాను చూడు."

మార్చిలో, సముద్రానికి పోయినవాళ్ళ పేర్లు రాసుకునే ఆఫీసులో కూడా చెప్పలేదు. గుమాస్తా పేరు రాసి, పైకి చదివి, ఇదేనా అని అడిగాడు. తల ఊపి సంతకం పెట్టాను. బుల్లమ్మ పక్కన నిలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆఫీసు లెక్కలో ఆయన పోయారు, ఇంటి లెక్కలో పోలేదు. రెండూ ఒకటెందుకవుతాయి?

నవంబర్ 14

వాన. వక్కలు కప్పడం, తియ్యడం, కప్పడం.

నవంబర్ 16

ఉప్పు కొనడానికి మాయాబందర్ వెళ్ళాను. జెట్టీ దగ్గర గణేశ్వరరావు కనపడ్డాడు. కిందటేడు ఆయనతో జెట్టీ పనికి క్యాంప్‌బెల్ బే వెళ్ళిన పనివాళ్ళలో ఒకడు. ప్రాణాలతో బయటపడి తిన్నగా శ్రీకాకుళం వెళ్ళిపోయాడని విన్నాను. ఈ మధ్యే వచ్చినట్టున్నాడు. సన్నబడ్డాడు.

నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను కిరాణా కొట్టు వెనక్కి తప్పుకుని, చేపల షెడ్డు మీదుగా బస్సెక్కేశాను. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళలేదు. అందుకే.

ఉప్పు మరిచిపోయాను.

నవంబర్ 23

పై మడి రంగు తిరిగింది. పది రోజుల్లో కోతకొస్తుంది.

మల్లేశు కొట్టం గుమ్మంలో నిలబడి లోపల పురి చూపించాడు. "దీదీ, ఇది ఖాళీ చెయ్యకపోతే కొత్త ధాన్యం ఎక్కడ పోస్తాం? బయటుంచితే బారిష్‌కి పూరా మొలకెత్తీస్తాది."

కిందటేడు ఆయన కట్టిన పురి అది. కోత అయ్యాక గడ్డి పేని తాడు చేసి, చుట్ట మీద చుట్ట వేస్తూ, మధ్యలో వడ్లు పోస్తూ, నా ఎత్తు దాకా లేపారు. ఆయనది ఎడమచేతి వాటం. అందరి తాడూ ఒకవైపు తిరిగితే ఆయన తాడు రెండోవైపు తిరుగుతుంది. రెండో కొస పట్టుకునేది నేనే, ఇంకెవరు పట్టుకున్నా మెలిక కుదరదు. పురి కట్టిన నాలుగో రోజో అయిదో రోజో ఓడెక్కారు. ఏటా అంతే, పంట ఇంటికి రాగానే జెట్టీ కాంక్రీటు పనికి మేస్త్రీగా పోతారు. జనవరిలో వస్తాను, అప్పుడు విప్పుదాం, అందరం కలిసి కొత్తన్నం తిందాం అన్నారు.

ఆయన విప్పుదామన్నారు. నేనెలా విప్పుతాను? ఎలుకలు కన్నం పెట్టాయని మల్లేశు అంటాడు. పెడితే పెట్టనీ, వాటికి మాత్రం కడుపు లేదా?

నవంబర్ 27

గొడవైంది. రాయకూడదనుకున్నాను.

రాత్రి అన్నం పెడితే అత్త పళ్ళెం పక్కకి జరిపింది. రేషన్ బియ్యం పళ్ళకి నలగడం లేదేమోనని గంజి కాచి ఇచ్చాను. అదీ జరిపింది. అప్పుడు నాకు తిక్క రేగింది. కొడుకు పోయాడని నువ్వే తేల్చేశావా, కన్నదానివి కాదా అన్నాను. ఆవిడ నా మీద కేకలెయ్యలేదు. వేస్తే బాగుండేది.

"పోనాడో ఉన్నాడో నాకు తెలవదు," అంది. "ఆకలితో ఉన్నాడు. అది తెలుసు. ఏడాదై ఎవులూ పిలిసి కూడెట్టలేదు. నాను పిలిస్తే రాడు. వండి పెట్టిన సెయ్యి పిలవాల."

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు పెరుగు దుత్త నేలకేసి కొట్టాను. తరవాత పెంకులు నేనే ఏరుకున్నాను, పెరుగు నేనే తుడుచుకున్నాను. కోపం తెచ్చుకున్నవాళ్ళకి మిగిలేది ఇంత పనే.

ఆకలితో ఉన్నాడట. ఈవిడకెలా తెలుసు?

నవంబర్ 28

అత్త మధ్యాహ్నం తింది, రాత్రి తినలేదు.

నవంబర్ 30

రాత్రి తినలేదు.

డిసెంబర్ 4

కోత మొదలైంది. ఊళ్ళోంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు వంగి కొడవలి పెట్టాల్సింది ఇంటి మగవాడు. అందరూ గట్టు మీద నిలబడి నావంక చూస్తున్నారు. నేను మడిలోకి దిగి ఆయన కత్తితో గుప్పెడు కోశాను. ఎడమచేతికి చేయించిన పిడి, నా కుడిచేతికి పట్టు దొరకలేదు. వేలు తెగింది. పెద్ద గాయం కాదు.

మడి గట్టు మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. ఏడాదిలో ఒక్కసారి కూడా దానికేసి తిన్నగా చూడలేదని ఇవాళే గమనించాను. చూశాను. ఎప్పటిలాగే ఉంది.

డిసెంబర్ 7

పనలు ఆరుతున్నాయి. పురి విప్పలేదు.

డిసెంబర్ 10

కుప్ప వేశాం. మబ్బు పట్టింది. మల్లేశు కొట్టం వైపు చూడటం, నేను చూడనట్టు ఉండటం. పురి విప్పలేదు.

డిసెంబర్ 11

గణేశ్వరరావు ఇంటికే వచ్చాడు.

నేను కళ్ళంలో, పొద్దున కొట్టిన వడ్లు తూరుపోస్తున్నాను. తప్పుకోవడానికి చోటు లేదు, ఒంటినిండా దుమ్ము. అత్త అరుగు మీంచి చూసి, రారా నాయనా అని పిలిచి పీట వేసింది. వాడు పీట మీద కూర్చోలేదు, గచ్చు మీదే కూర్చున్నాడు. అన్నగారి గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నానన్నాడు. వద్దు అందామనుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఎముకలే ఉన్నాయి ఆ చేతిలో, అయినా విడిపించుకోలేకపోయాను.

ఆదివారం కదా, పొద్దున్నే పని లేదట. వంట వంతు ఆయనదట. పొయ్యి మీద ఎసరు మరిగి బియ్యం పోశారట. అప్పుడు నేల ఊగింది. షెడ్డు రేకులు ఊడిపడ్డాయి. అందరూ బయటికి పరుగెత్తి ఎత్తు మీదికి ఎక్కారు. ఆయన కూడా ఎక్కారు. ఊగడం ఆగింది. నీళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. ఇక ఏం కాదనుకున్నారు.

"అప్పుడు అన్నగారికి గుర్తొచ్చింది వదినగారూ," అన్నాడు గణేశ్వరరావు. "అన్నం మాడిపోతాదిరా, దించీసి వస్తాను అన్నారు. పోనీలే భయ్యా అన్నాను. మా ఇంట్లో మెతుకు పారెయ్యం అన్నారు. దిగి ఎల్లినారు."

ఇంకా ఏదో చెప్పాడు. సముద్రం వెనక్కి పోవడం, మళ్ళీ రావడం. నాకు వినపడలేదు. నేను అడిగింది ఒక్కటే. అంతకుముందు ఏమైనా తిన్నారా అని.

"లేదు," అన్నాడు. "ఎవులమూ తినలేదు. రాత్రి కూడా తినలేదు ఆయన. చేప పడలేదని అలిగి పడుకున్నారు."

అత్త నావంక చూడలేదు. చూసి ఉంటే నేను భరించలేకపోయేదాన్ని. లేచి లోపలికెళ్ళి గణేశ్వరరావుకి అన్నం పెట్టింది. వాడు తింటూ ఏడ్చాడు. నేను వెళ్ళి మళ్ళీ వడ్లు తూరుపోశాను. గాలి బాగుంది, తాలు దూరంగా పోయింది.

నిజమే, ఆయన అదే చేస్తారు. ఇది ఎవరో కల్పించి చెప్పగలిగే మాట కాదు. నేను పడుకుంటే గిన్నె అడుగున మాడు గీకి తినే మనిషి. నేనైనా దిగి వెళ్ళేదాన్ని.

డిసెంబర్ 12

పురి విప్పాను.

ముందు మల్లేశు మొదలుపెట్టాడు. తాడు కొస పట్టుకుని అలవాటు ప్రకారం తిప్పాడు, అది విడే బదులు ఇంకా బిగుసుకుంది. ఎడమ మెలిక అని చెప్పి నేనే పట్టుకున్నాను. పురి చుట్టూ వెనక్కి తిరిగాను. ఒక్కో చుట్టుకీ గడ్డితాడు చేతిలోకి వస్తూ ఉంటే వడ్లు పరదా మీదికి జారాయి. ఆయన చేసిన మెలికలు అలాగే ఉన్నాయి. ఒక చోట వదులుగా ఉంది, అక్కడ కొస నేను సరిగా పట్టుకోలేదు, ఆ రోజు తిట్టారు. ఆ వదులు దొరికినప్పుడు కూర్చుండిపోయాను. మల్లేశు బయటికి వెళ్ళిపోయాడు.

ఏడ్చాను. చాలా ఏడ్చాను. ఆఫీసులో ఏడవాల్సింది కూడా.

అడుగున కాస్త ఎలుకలు తిన్నాయి, మిగతాది బాగానే ఉంది. తాడు చుట్ట చుట్టి అటక మీద పెట్టాను. కొత్త పురి మల్లేశు కట్టాడు. వాడి తాడు అందరి తాడులాగే తిరిగింది.

డిసెంబర్ 14

బుల్లమ్మకి నేనే ఫోన్ చేశాను. ఎప్పుడు పెడదాం, ఏడాది నిండే ఇరవై ఆరునా అంది. అన్నాళ్ళు ఆకలితో ఉంచుతామా అన్నాను. 

డిసెంబర్ 18

పొద్దున్నే నీళ్ళు పోసుకుని వంట మొదలుపెట్టాను. నిన్న మరలో ఆడించిన బియ్యం, పై మడివి. కొత్త అన్నం, కందగడ్డ కూర, కొబ్బరి పచ్చడి, ఎండు చేపల పులుసు. బుల్లమ్మ, చిన్ని నిన్న బస్సులో దిగారు. చిన్ని పొడుగైంది. ఆకులు తనే కోసుకొచ్చి కడిగింది, ఎన్ని అని నన్ను అడగలేదు. మూడు తెచ్చింది.

కొసలు దక్షిణానికి పెట్టాం. మామయ్య తల్లి ఎరుకమ్మకి ఒకటి, మామయ్యకి ఒకటి. వాళ్ళని బుల్లమ్మ పిలిచింది, నానమ్మా ఎరుకమ్మా అని, నాన్నా సుబ్బరామయ్యా అని. మూడో ఆకు దగ్గర అందరూ ఆగారు. అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ నన్ను పోరిన మనిషి కళ్ళు మూసుకుంది. వద్దులే అంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అనలేదు.

వేడి అన్నం వడ్డించాను.  గుమ్మం దగ్గర బుల్లమ్మ నిలబడి ఉంది. అదే గుమ్మం. ఇవాళ చేతులు అడ్డం పెట్టలేదు, కొంగు నోట్లో కుక్కుకుంది.

"కొండబాబూ," అన్నాను. "అన్నం దించేశాను. మాడలేదు. వచ్చి తినండి."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పెద్దగానే అన్నట్టున్నాను, పెరట్లో పోకకాయలు తిరగేస్తున్న మల్లేశు చెయ్యి ఆపి నిలబడిపోయాడు. అత్త కళ్ళు తెరవకుండానే, "తింటాడు," అంది.

తలుపు దగ్గరికి వేసి అందరం బయట కూర్చున్నాం.  ఎప్పటికైనా చెప్పిస్తానన్నారు, చెప్పించారు. ఎదురుగా ఉండి వినాల్సింది. విని ఆ నవ్వు నవ్వాల్సింది. అంత మొండిగా ఎందుకున్నానో ఇప్పుడు నాకే తెలియదు, ఒక్కసారి చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది.

తరవాత మేం తిన్నాం. అన్నం ముద్దయింది. కొత్త బియ్యానికి ఎసరు తక్కువ పెట్టాలన్న సంగతి ఏడాది రేషన్ బియ్యంతో మరిచిపోయాను.  అత్త మారు అడిగి వడ్డించుకుంది. రాత్రి కూడా తింది.

డిసెంబర్ 26

తారు పూసిన పడవని మల్లేశు మనుషుల్ని పెట్టి నీళ్ళున్న చోటికి మోయించాడు. వాడినే వాడుకోమన్నాను.

నేలలో తేమ ఉండగానే కొండ మడిలో పెసలు చల్లాను.